ఇరవై ఎనిమిది రోజుల నెల



"స్కాలర్‌షిప్‌లు కావాలంటారు, రిజర్వేషన్లు కావాలంటారు, చేతిలో మాత్రం స్మార్ట్‌ఫోన్."

ఈ మాట విననివాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? క్లాసులో వింటాం, ఆఫీసు క్యూలో వింటాం, ఊళ్లో రచ్చబండ దగ్గర వింటాం. మన తాతలు చెప్పులేసుకుని వీధిలో నడిస్తే ఓర్వలేని కళ్లే ఇప్పుడు మన పిల్లల చేతిలో ఫోన్‌ని చూస్తున్నాయి. కోపం కాసేపు పక్కన పెట్టి లెక్కతో జవాబు చెబుదాం. ఏ ఫోన్ కొనాలో, ఏ రీచార్జ్ చేయించుకోవాలో కూడా ఆ లెక్కే చెబుతుంది.

ముందు స్కాలర్‌షిప్. కేంద్రం 2021లో సవరించిన ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకంలో, ఫీజు కాకుండా విద్యార్థి చేతికి వచ్చే భత్యం ఎంతో తెలుసా? హాస్టల్లో ఉండకుండా ఇంటి నుంచి వెళ్లి ఇంటర్ చదివే పిల్లకు ఏడాదికి 2,500 రూపాయలు. మామూలు డిగ్రీ చదివితే 3,000. నెలకు కాదు, ఏడాదికి.

ఇప్పుడు రీచార్జ్. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ వారం తిరక్కుండా ఒకదాని వెనక ఒకటి ధరలు పెంచాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299కి పోయింది. 28 రోజులంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు. 13 సార్లు 299 అంటే 3,887. అంటే సర్కారు ఏడాది మొత్తానికి ఇచ్చే భత్యం రీచార్జ్‌కే చాలదు. పుస్తకాలు, బస్సు పాసు, పరీక్ష ఫీజు తర్వాతి సంగతి. స్కాలర్‌షిప్ డబ్బుతో ఫోన్లు కొంటున్నారనే పెద్దమనుషులు ఆ డబ్బుతో ఏ ఫోన్ వస్తుందో ఒకసారి షాపుకెళ్లి అడిగి రావాలి.

"మేం పన్ను కడితే మీరు తింటున్నారు" అనేది ఇంకో మాట. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం కాదు, 18 శాతం. పది వేలు పెట్టి ఫోన్ కొంటే అందులో సుమారు 1,525 రూపాయలు పన్నే. రీచార్జ్ మీదా 18 శాతమే. 299లో 45 రూపాయల పైన సర్కారుకు పోతుంది. కోట్లున్నవాడి రీచార్జ్ మీద ఎంత శాతమో, కూలికెళ్లే మా అమ్మ రీచార్జ్ మీదా అంతే శాతం.

అసలు ఫోన్ లేకుండా బతకనిస్తున్నారా? ఆంధ్రాలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్, రెండిటికీ ఫోన్‌కి వచ్చే ఓటీపీలే దిక్కు. హాల్‌టికెట్, కౌన్సెలింగ్, బ్యాంకు, ఆధార్ అన్నీ ఆ నంబర్ చుట్టూనే తిరుగుతాయి. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి యాప్‌లో ఫొటో తీసి పెడితేనే హాజరు అన్నారు. ఆ ఫొటో తీసే మేట్లలో మన ఆడవాళ్లు ఎంతోమంది. ఫోన్ ఆమెదే, రీచార్జ్ ఆమెదే, సిగ్నల్ అందకపోతే తిట్లూ ఆమెకే. 2020 జూన్ మొదటి రోజున కేరళలో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ పాడై, స్మార్ట్‌ఫోన్ లేక క్లాసు చూడలేకపోయిన ఒక దళిత బాలిక ఆ రోజే ప్రాణం తీసుకుంది. ఫోన్ విలాసమని మనకు పాఠం చెప్పేవాళ్లు ఆ బిడ్డను గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం. అదే కంపెనీలో అదే పెంపు తర్వాత ఏడాది ప్లాన్ 3,599 రూపాయలు. రోజుకు 2.5 జీబీ. 28 రోజుల చొప్పున వేయించుకునేవాడు 364 రోజులకు 3,887 కట్టి రోజుకు 1.5 జీబీ తీసుకుంటాడు. ఒకేసారి 3,599 పెట్టగలిగినవాడు 288 రూపాయలు తక్కువ కట్టి, ఒక రోజు ఎక్కువ వాడి, రోజుకు ఒక జీబీ అదనంగా తీసుకుంటాడు. కిరాణా కొట్లో కూడా బస్తా బియ్యం కొనేవాడికో రేటు, రెండు కిలోలు కొనేవాడికో రేటు. కూలి ఏ రోజుకారోజు వచ్చేవాడు ఎప్పుడూ ఎక్కువ రేటే కడతాడు. పేదరికం మీద వేసే ఈ పన్ను ఏ బిల్లులోనూ కనిపించదు.

ఇది ఎక్కడ మొదలైంది? 2018 చివరిదాకా బ్యాలెన్స్ లేకపోయినా ఇన్‌కమింగ్ వచ్చేది. మిస్డ్ కాల్ ఇచ్చి పని నడుపుకునేవాళ్లం. అప్పుడు ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు కనీసం 35 రూపాయలు వేయించాలని మొదలుపెట్టాయి. 2024 జూలై నాటికి ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 199 అయింది. కాల్స్ అన్‌లిమిటెడ్ ఇస్తున్నాంగా అంటారు. మనకు ఫోన్ రావడమే కావాలి, మేం అన్‌లిమిటెడ్ అడిగామా?

సరే, ఈ ఆటలో మనం ఎట్లా ఆడాలి?

ప్లాన్ ధర చూడొద్దు, రోజుకు ఎంత పడుతుందో చూడండి. 2024 జూలై ధరల్లో 28 రోజుల 299 ప్లాన్ రోజుకు 10.68 పడింది. అదే 1.5 జీబీతో 84 రోజుల 799 ప్లాన్ 9.51 పడింది. ఏడాదిది ఒకేసారి కట్టలేం, నిజమే. 800 కూడేసుకోగలిగితే 84 రోజులదే మేలు. అయితే రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏడాది ప్లాన్ వేయించుకోకండి. మిగిలే 288 వడ్డీకే చాలదు. ధరలు మారుతుంటాయి కాబట్టి వేయించే రోజున రోజు లెక్క మళ్లీ కట్టుకోండి. 28 రోజుల తిరకాసు వద్దనుకుంటే, ప్రతి నెలా ఒకే తేదీకి రీచార్జ్ వచ్చే ప్లాన్ కనీసం ఒకటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. షాపువాడు చూపించడు, అడిగి తీసుకోండి.

ఇంట్లో కీప్యాడ్ ఫోన్ వాడే అమ్మానాన్నలకు డేటా ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ అలాంటి ఏడాది ప్లాన్ 1,849కి తెచ్చింది. 199 చొప్పున 13 సార్లు వేయిస్తే 2,587. తేడా 738 రూపాయలు. 2025-26లో ఉపాధి కూలి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307. అంటే అమ్మ రెండు రోజుల కూలి కంటే ఎక్కువే మిగులుతుంది.

ఇక ఫోన్. 5జీ ఫోన్ కొంటే 5జీ ఊరికే వస్తుందని షాపులో చెబుతారు. 2024 జూలై నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే అన్‌లిమిటెడ్ 5జీ అన్నాయి. జియోలో అప్పుడు అది 28 రోజులకు 349. ఏడాదికి 13 సార్లంటే 299 ప్లాన్ కంటే 650 ఎక్కువ. మీ ఊళ్లో 5జీ సిగ్నల్ ఉందో లేదో చూసుకుని అప్పుడు ఆ మాట నమ్మండి. ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, దగ్గరి టౌన్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో అడగండి. నాలుగు కెమెరాల కంటే ఈ రెండూ ముఖ్యం.

సెకండ్ హ్యాండ్ కొనడం నామోషీ ఏమీ కాదు. కానీ బిల్లు లేకుండా కొనకండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోన్ సంగతి తెలుస్తుంది. దొంగ ఫోన్ మన పిల్లాడి జేబులో దొరికితే పోలీసులు ఎలా మాట్లాడతారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈఎంఐకి తీసుకుంటే "జీరో వడ్డీ" బోర్డు చూసి సంతకం పెట్టకండి. డౌన్‌పేమెంట్, వాయిదాలు, ప్రాసెసింగ్ ఫీజు, అంటగట్టిన ఇన్సూరెన్స్ అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని నగదు ధర పక్కన పెట్టి చూడండి. వాయిదా తప్పితే ఫోన్‌ని దూరం నుంచే లాక్ చేసే యాప్ అందులో ఉందా అని అడగండి. ఓటీపీ రావాల్సిన రోజున ఫోన్ లాకైతే పోయేది ఫోన్ ఒక్కటే కాదు, సీటు కూడా.

నంబర్ మీ పేరు మీదే ఉంచుకోండి. బావ పేరు మీద, షాపువాడి పేరు మీద ఉన్న సిమ్‌కి ఆధార్ ముడేస్తే రేపు గొడవే. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకపోతే తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి. కంపెనీ నచ్చకపోతే నంబర్ మార్చకుండానే మారే హక్కు 2011 నుంచి దేశమంతా ఉంది. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబర్ వేసి 1900కి పంపితే ఒక కోడ్ వస్తుంది, దాన్ని కొత్త కంపెనీకి ఇవ్వాలి.

ఖరీదైన ఫోన్ కొన్న మన కుర్రాళ్లను తిట్టే పని మాత్రం నేను చేయను. అవమానాలు తిని పెరిగినవాడికి నలుగురిలో తలెత్తుకునే వస్తువు ఒకటి కావాలనిపిస్తుంది. 2015 మేలో షిర్డీలో సాగర్ షేజ్వల్ అనే దళిత నర్సింగ్ విద్యార్థిని చంపేశారు. ఫోన్ మోగినప్పుడు అంబేద్కర్ పాట వినబడిందని మొదలైన గొడవ అది. ఫోన్ ఖరీదు వాళ్లకు సమస్య కాదు, అందులోంచి వచ్చే గొంతు సమస్య. 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ పత్రిక పెట్టింది మూగవాళ్లను చేసిన జనానికి గొంతు ఇవ్వడానికే. ఈ రోజు ప్రతి వాడలో ఆ పత్రిక పెట్టగల యంత్రం ఉంది. దాన్ని నెలనెలా బతికించుకునే స్తోమతే లేదు.

అందుకే తెలివిగా కొనుక్కోవడంతో ఇది ఆగదు. అడగాల్సినవి ఉన్నాయి. స్కాలర్‌షిప్ భత్యంలో డేటా ఖర్చు కలపాలి. ప్రతి సంక్షేమ హాస్టల్లో పనిచేసే వైఫై ఉండాలి. మేట్లకు ఫోన్, రీచార్జ్ సర్కారే ఇవ్వాలి. రీచార్జ్ అయిపోయినా ప్రభుత్వ ఓటీపీలు ఆగకూడదు. 2024లో మిగతావాళ్లు ధరలు పెంచితే పెంచని బీఎస్ఎన్ఎల్‌ను నిలబెట్టాలి. అది మనకు రిజర్వేషన్ ఉన్న కంపెనీ. 2020 జనవరి ఆఖరున ఒక్కరోజే వీఆర్ఎస్ పేరుతో సుమారు 78 వేల మందిని బయటికి పంపారు. మన రీచార్జ్ డబ్బు పోయే ప్రైవేటు కంపెనీల్లో మనకు రిజర్వేషన్ లేదు.

హాస్టల్లో ఫోన్లు లాక్కునే వార్డెన్లకు ఒక తీర్పు చూపించండి. 2019 సెప్టెంబరు 19న ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ వాడుకునే హక్కు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఫోన్ ఇవ్వనన్నందుకు హాస్టల్ నుంచి గెంటేసిన అమ్మాయి వేసిన కేసు అది. ఆమె ఒక్కతే నిలబడింది. మనం ఇంతమందిమి ఉన్నాం.

ఈ ఆదివారం మీ హాస్టల్లో, మీ వాడలో పదిమంది కూర్చోండి. ఏడాదికి ఎవరు ఎంత రీచార్జ్ కడుతున్నారో, ఎంత భత్యం వస్తోందో ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఆ కాగితాన్నే వినతిపత్రంగా కలెక్టర్ ముందు పెట్టండి.

జై భీమ్.