ఆ కుందేలు ఎవరు చేశారు?

పోయిన నెల మా మనవరాలు ప్లేస్కూల్ నుంచి ఒక కుందేలును తెచ్చింది. పేపరు ప్లేటు నిండా దూది, గులాబీ రంగు చార్టు కత్తిరించి పెట్టిన చెవులు, నల్ల స్కెచ్‌పెన్నుతో గీసిన మీసాలు. దూది ఉండలన్నీ ఒకే సైజులో ఉన్నాయి. ఒక్కటీ పక్కకు జరగలేదు. పిల్లకేమో రెండేళ్ళ ఎనిమిది నెలలు.

"ఎవరు చేశారే బంగారూ ఇది?" అని అడిగాను.

"మిస్ చేసింది."

"మరి నువ్వేం చేశావు?"

కాసేపు ఆలోచించి, "చేతులు కట్టుకున్నా" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. తప్పు ఆ టీచరొక్కరిదే అనను. శుక్రవారం సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఇరవై మంది పిల్లల ఫొటోలు పెట్టాలి, అందరి చేతుల్లోనూ కుందేలు ఉండాలి. కావాలన్నది మనమే. క్రాఫ్ట్ అంటే చివరికి ఒక వస్తువు తయారవ్వాలి, అదేమిటో చూడగానే తెలియాలి, ముచ్చటగా ఉండాలి అనే అభిప్రాయం మన ఇళ్ళలోనూ బళ్ళలోనూ పాతుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. మూడేళ్ళలోపు పిల్లకు క్రాఫ్ట్ అంటే చేతులతో చేసే పని, అంతే. చివరికి మిగిలే వస్తువు వడ్రంగి దగ్గర రాలిన రంపప్పొట్టు లాంటిది. మనం పొట్టును దాచుకుని పనిని పిల్ల చేతిలోంచి లాగేసుకుంటున్నాం.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ఆదివారం పూరీలకు పిండి కలుపుతూ నిమ్మకాయంత ముద్ద దాని చేతిలో పెట్టాను. ముందు వాసన చూసింది. తర్వాత వేలితో పొడిచింది. వేలు తీస్తే గుంట మిగిలింది. ఆ గుంట వంక అలా చూస్తూ ఉండిపోయి, పక్కనే ఇంకోటి పొడిచింది. పీట మీద పెట్టి అరచేత్తో రుద్దితే ముద్ద పొడుగైంది. "పాము" అంది. నేను చెప్పలేదు, దానికే తోచింది. మధ్యలో తెగితే చిన్న ముక్కను "పిల్ల పాము" అంది. పావుగంట గడిచేసరికి మాసిపోయిన పిండి ముద్ద తప్ప ఏమీ మిగల్లేదు. ఫొటో తీయడానికి ఏముంది? కానీ నొక్కితే గుంట పడుతుందనీ, రుద్దితే సాగుతుందనీ, తుంచితే రెండవుతుందనీ ఆ పావుగంటలో తన చేతులతోనే తెలుసుకుంది. రేపు పెన్సిలు పట్టాల్సిన వేళ్ళకు బలం వచ్చేది ఇలాంటి పనితోనే.

"ఫలితం కనబడకపోతే నేర్చుకుందని ఎలా నమ్మాలి?" అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సరీ బడులు నడిపిన రోడా కెలాగ్ దేశదేశాల పిల్లల బొమ్మలు లక్షల్లో సేకరించి 1969లో ఒక పుస్తకం వేశారు. రెండేళ్ళప్పుడు మొదలయ్యే పిచ్చిగీతల్లోంచే గుండ్రాలు, అడ్డగీతలు వస్తాయనీ, అవి కలిసి సూర్యుళ్ళవుతాయనీ, ఆ తర్వాత మనుషులవుతాయనీ ఆవిడ వరసపెట్టి చూపించారు. మెట్టు తర్వాత మెట్టు పిల్లే ఎక్కుతుంది. పిచ్చిగీత గీసే వయసులో కుందేలు అడగడమంటే, పాకే పిల్లను పరుగెత్తమనడమే.

"మెచ్చుకుని, స్టారు పెడితే ఉత్సాహం వస్తుంది కదా" అనేవాళ్ళూ ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1973లో వచ్చింది. బొమ్మ గీస్తే బంగారు స్టారు, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు, ఇచ్చారు. వారం రెండు వారాల తర్వాత ఇష్టమొచ్చిన ఆట ఆడుకోమని వదిలేస్తే, మిగతావాళ్ళతో పోలిస్తే ఆ పిల్లలు బొమ్మల దగ్గర దాదాపు సగం సమయమే గడిపారు. అంతకుముందు ఇష్టంగా గీసేవాళ్ళకు అది కూలి పనైపోయింది.

ఇంట్లో వస్తువులతో చేయించడం డబ్బు లేనివాళ్ళ సర్దుబాటు అనుకోవడం ఇంకో పొరపాటు. దుకాణాల్లో డబ్బాల్లో అమ్మే ప్లే-డో మొదట అమెరికాలో గోడకాగితం మీద బొగ్గు మసి తుడవడానికి అమ్మిన ముద్ద. కే జూఫాల్ అనే నర్సరీ టీచరు దాన్ని పిల్లల చేతికిచ్చి చూశాకే 1956లో ఆటవస్తువుగా బజారుకెక్కింది. అసలు ఇంటి వస్తువు గొప్పదనం చవకలో లేదు. అది పాడైనా ఎవరికీ బాధ ఉండదు, గొప్పదనమంతా అందులోనే ఉంది. నాలుగొందలు పోసి కిట్టు కొన్న తల్లి అది చెడిపోతుంటే చూస్తూ ఊరుకోలేదు. "అలా కాదు నాన్నా, ఇలా" అని డబ్బా మీది బొమ్మ చూపించి చెయ్యి అడ్డం పెడుతుంది. నిన్నటి పేపరును చింపినా, నలిపినా, నీళ్ళలో నానబెట్టినా అడిగేవాళ్ళుండరు. బెండకాయ తొడిమ వైపు ముక్కను బీట్‌రూట్ నీళ్ళలో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు పడుతుంది. పసుపు నీళ్ళు పూసిన కాగితం మీద సబ్బు చేత్తో రాస్తే ఎర్రబడుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ పిల్లకు అది కొత్తే.

మన ఇళ్ళకు ఇది తెలియనిదీ కాదు. బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు నాలుగు తంగేడు పూలు, చిన్న పళ్ళెం ఇస్తాం. ఎలా పేర్చినా ఎవరూ సరిదిద్దరు. వినాయక చవితికి మిగిలిన మట్టితో పిల్లలు చేసిన వంకర వినాయకుణ్ణి కూడా పీట మీదే పెడతాం. పండగనాడు ఉన్న ఈ ఓపిక మామూలు రోజుల్లో ఎక్కడికి పోతోంది?

ప్రమాదం సంగతి నేనూ ఒప్పుకుంటాను. చింతపిక్కలు, బఠాణీలు, గుండీలు, పూసలు మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. రిమోట్లలో వాడే బిళ్ళ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ కొన్నదైనా ఇంట్లోదైనా, పిల్ల పక్కన ఒక మనిషి కూర్చోవాల్సిందే.

ఆ మనిషికి టైమెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే దీన్ని వేరే కార్యక్రమంగా పెట్టుకోవద్దంటున్నాను. కూర తరిగేటప్పుడు ఒక ముక్క, పిండి కలిపేటప్పుడు ఒక ముద్ద ఇస్తే చాలు. ఆ తర్వాత నేల తుడిచే పని మాత్రం అమ్మ నెత్తినే వేయకండి. నాన్న కూడా గుడ్డ పట్టాలి.

మొన్న పిల్లను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు టీచరుతో చెప్పాను. "అమ్మా, మా పిల్లకు కుందేలు వద్దు. ఆ దూదీ జిగురూ దాని చేతికే ఇవ్వండి. ఇంటికి ఏమీ పంపకపోయినా ఫరవాలేదు." ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "నాకూ అదే ఇష్టమండీ. మీలా ఇంకో నలుగురు చెబితే చాలు, మానేస్తాం" అంది.

ఆ నలుగురి కోసమే ఇదంతా రాశాను.