గైడ్ సినిమాలో కురిసిన వాన

ఆర్.కె. నారాయణ్ 'గైడ్' నవల (1958) నాకెంతో ఇష్టం. 1965లో విజయ్ ఆనంద్ తీసిన సినిమాలో పాటలకు, వహీదా నాట్యానికి వంక పెట్టను. మాల్గుడిని ఉదయపూర్ చేసినా సర్దుకున్నాను. మింగుడుపడనిది చివర్లో పడే వాన.

నవలలో, జైలు నుంచి వచ్చిన రాజుని పల్లెజనం స్వామి అనుకుంటారు. ఒక అమాయకుడు తప్పుగా చేరవేసిన కబురు వల్ల వానకోసం ఉపవాసం చెయ్యాల్సొస్తుంది. కొండల్లో వాన పడుతోందంటూ కూలిపోతాడు. పడిందో లేదో రచయిత తేల్చడు. సినిమాలో మాత్రం కుండపోతగా కురిపించారు! వోచర్ లేని పద్దుని మా డిఫెన్స్ అకౌంట్స్‌లో ఒప్పుకునేవాళ్ళం కాదు లెండి. మనిషి తిండి మానేస్తే మేఘాలకేం తెలుస్తుంది? జనం మూఢనమ్మకం ఒక మనిషిని ఎలా మింగిందో చెప్పే కథని ఆ ఒక్క సీనుతో మహిమ కథ చేసేశారు. నారాయణ్ కూడా ఈ సినిమా తనకు నచ్చలేదనే రాశాడు.