పంది తొడకు ఇంగ్లీషు పేరు

మన కూడు – మన మాట: 9



బ్రెజిల్‌లో పొద్దుగాల ఏ బేకరీకి పోయినా 'మిస్తు కెంచి' దొరుకుతది. రెండు బ్రెడ్డు ముక్కలు, నడుమ హామ్, చీజ్. బయట వెన్న రాసి పెనం మీద ఒత్తి కాలుస్తరు. చీజ్ కరిగితే అయిపోయినట్టే. అక్కడ అది మామూలు జనం టిఫిను. ఇప్పుడది రీల్స్ ఎక్కి కామారెడ్డి పిల్లల ఫోన్లదాకా వచ్చింది. లైకులే లైకులు.

హామ్ అంటే ఏంది? ఉప్పుల ఊరబెట్టిన పంది వెనక తొడ. ఆ లైకు కొట్టిన వేలే, ఎల్లారెడ్డిలో ఎరుకలాయన దగ్గర అరకిలో పంది మాంసం కొనుక్కొచ్చే పిల్లగాన్ని చూస్తే ముక్కు మీదికి పోతది.

నేను తెలుగు పాఠం చెప్పేటోన్ని కాబట్టి మాటల లెక్కే ముందు తీస్త. సంస్కృతంలో వరాహం అంటే అవతారం. చాళుక్యుల రాజలాంఛనం అదే, విజయనగరం ముద్ర అదే. బంగారు నాణేనికి 'వరహా' అని పేరొచ్చింది ఆ బొమ్మ నుంచే. ఇంగ్లీషులో పోర్క్, హామ్ అంటే స్టార్ హోటల్ మెనూ. తెలుగులో పంది అంటే తిట్టు. గుడికి ఒక భాష, హోటల్‌కు ఒక భాష, వాడకు ఒక భాష. ఇంగ్లండులో గూడ ఇసొంటి కథే ఉన్నది. 1066లో నార్మన్లు గెలిచినంక, మేపేటోళ్ల నోట అది 'స్వైన్', తినే దొరల నోట ఫ్రెంచి నుంచి వచ్చిన 'పోర్క్'. మేపినోన్ని అంటరానోన్ని చేసిన ఘనత మాత్రం మనదే.

కామారెడ్డిలో రూము కోసం తిరిగిన ఎవరినైనా అడగండి. "ఏం తింటరు?" అంటే కులం అడిగినట్టే, కాకపోతే మర్యాదగ. నా విద్యార్థి ఒకడు రూములో పంది కూర వండిండని, సెమిస్టర్ పరీక్షలకు పది రోజుల ముందు ఓనరు సామాన్లు బయట పెట్టించిండు. ఆదివారం అదే ఓనరు ఇంట్ల నుంచి కోడికూర వాసన వస్తది. శాకాహారం అనే సాకు గూడ లేదన్నట్టు.

"పంది మురికి తింటది సార్" అని ప్రగతిశీలురు గూడ అంటరు. మురికి ఎత్తని మున్సిపాలిటీని వదిలి, ఆ మురికి నడుమ మేపుకోక తప్పనోన్ని నిందించుడు సులువు. సరిగ ఉడకకపోతే బద్దెపురుగు భయం ఉన్నది, నిజమే. అట్లయితే బాగ ఉడికించుకుంటం, రూమెందుకు ఖాళీ చేయాలె? ముస్లిం మిత్రులు తినరు, అది వాళ్ల హక్కు. వాళ్లను చూపించి మా నోరు మూయొద్దు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడి జరిగింది. బీఫ్ మీద మనకు గట్టి వాదన ఉన్నది. పంది దగ్గరికి వచ్చేసరికి మనమే గొంతు తగ్గిస్తం. మేపేటోళ్లు ఎరుకలోళ్లు కాబట్టా? మన సంఘాలల్ల ఈ ముచ్చట తెగేదాక మాట్లాడాలె. పక్క మరాఠ్వాడల షాహు పాటోళె 2015లోనే దళితుల వంటల మీద మరాఠీలో పుస్తకం తెచ్చిండు. మన అమ్మల వంట చాలామట్టుకు ఇంక వాళ్ల చేతుల్లనే ఉన్నది. సాహిత్యంలో పరిశోధన చేసే పిల్లలు వింటున్నరా?

హామ్ కోసం హైదరాబాద్ పోవాల్సిన పనిలేదు. పంది తునకలు ఉప్పు, పసుపు, అల్లమెల్లిగడ్డ వేసి మెత్తగ ఉడికించి, దాని కొవ్వులనే ఎర్రగ వేయించండి. సన్నగ చీరి, చీజ్‌తో బ్రెడ్డు నడుమ పెట్టి, పెనం మీద బరువైన గిన్నెతో ఒత్తండి. వచ్చే ఏప్రిల్ 14న పులిహోర పక్కన ఇది గూడ పెడదాం. బోర్డు మీద పేరు తెలుగులనే రాయాలె: పంది రొట్టె.