గెలిచినవాళ్లనే లెక్కపెడితే ఎలా?

సంపాదకులకు,

తల్లిదండ్రులు కఠినంగా వెంటపడకపోతే ఛాంపియన్లు తయారుకారని గత వారం వ్యాసం తేల్చేసింది. అందుకు మా చెన్నై తెలుగు కుర్రాడు, చెస్ ఆటగాడు గుకేశ్‌ని సాక్ష్యంగా తేవడం అన్యాయం. అతని తండ్రి డాక్టర్ రజనీకాంత్ ప్రాక్టీసు పక్కనపెట్టి కొడుకు వెంట టోర్నీలకు తిరిగారు. ఇల్లు తల్లి సంపాదనతో నడిచింది. భారం మోసింది పెద్దవాళ్లు! ఆట నేర్పే పని కోచ్ విష్ణు ప్రసన్నది. 2024 డిసెంబరులో డింగ్ లిరెన్‌ని ఓడించిన ప్రపంచ చెస్ టైటిల్ పోరుకు మనసును సిద్ధం చేసింది పాడీ అప్టన్. కోనేరు హంపికి తండ్రి అశోక్ గురువయ్యారంటే, ఆయన స్వయంగా చెస్ ఆటగాడు.

ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన ఆగస్సీ సంగతేమిటి? టెన్నిస్‌ని ద్వేషించానని 2009లో ఆత్మకథలో రాశాడు. తండ్రి పెట్టిన ఒత్తిడినీ దాచలేదు.

ఓడి బయటికొచ్చిన ఎనిమిదేళ్ల పిల్లను హాలు గుమ్మంలోనే, అందరి ముందూ నిలదీసే తల్లిదండ్రులను ఇక్కడి టోర్నీల్లో చూస్తూనే ఉన్నాను. ఆ పిల్లల్లో కొందరు పదో తరగతికి వచ్చేసరికి బోర్డు ముట్టడం లేదు. మీ వ్యాసంలో వాళ్లు ఒక్కరూ లేరు. దయచేసి వాళ్లతో మాట్లాడి, వాళ్ల మాటలను వచ్చే సంచికలో అంతే చోటిచ్చి వేయండి.

– ఒక పాఠకురాలు, కోడంబాక్కం, చెన్నై