స్ప్రింగు కోయుట పరిష్కారము కాదు

మైపాడు తీరమునకు ఏండ్ల తరబడి పోయి వచ్చిన మోటారు సైకిలును ఉదయపు వెలుతురులో నిలిపి, దాని వెనుక షాకబ్జరు కడ్డీని వంగి పరిశీలించినవారికి, అద్దమువలె మెరయవలసిన క్రోము పూతపై ఆవగింజలో సగము లేని గోధుమవన్నె గుంటలు కొన్ని కనబడును. కంటికి అల్పముగా తోచు ఆ గుంటలే, బండి ఎగిరి దిగిన ప్రతిసారియు ఆయిల్ సీలు రబ్బరు అంచును ఆకురాయివలె గీయుచు, లోని నూనెను చెమటవలె బయటికి తెచ్చి, దానిపై దుమ్ము పేరుకొనునట్లు చేసి, తుదకొకనాడు స్పీడు బ్రేకరుపై చోదకుని వెన్నెముకకు తమ సంగతి తెలియజేయును. మా నెల్లూరు సీమలో ఉప్పుగాలికి తోడు, రొయ్యల బండ్లనుండి రోడ్డుపై కారు నీరు కూడ ఈ కార్యమును త్వరపెట్టుచున్నది.

నా బండి క్రూయిజరు జాతికి చెందినది. 2001లో బజాజ్ ఎలిమినేటరు, మరుసటి యేట రాయల్ ఎన్‌ఫీల్డు థండర్‌బర్డు, 2005లో బజాజ్ అవెంజరు వచ్చినప్పుడు, సీటు తగ్గుగాను, హ్యాండిలు ఎత్తుగాను, కాళ్లు ముందుకు చాచుకొను వీలుగాను ఉన్న ఈ వాహనములను చూచి ముచ్చటపడి కొనినవారిలో అనేకులు నావలెనే నేడు వార్ధక్యపు గడప తొక్కినవారు. బండి ముదిరినది, మోకాళ్లును ముదిరినవి. అందుచేతనే పాత క్రూయిజరు యజమానికి రెండు కోరికలు జంటగా పుట్టుచున్నవి: వెనుక షాకబ్జర్లు క్రొత్తవి వేయవలెను, వీలైనచో బండిని అంగుళము దింపవలెను.

నేను మొదట షోరూమునకు పోతిని. “ఆ మోడలు ఎప్పుడో ఆగిపోయింది సార్, సామాను రావడం లేదు” అని చెప్పి, కౌంటరులోని యువకుడు నా వెనుక నిలిచినవానివంక చూచెను. పట్టణమున ట్రంకు రోడ్డు పొడవునను విచారించి, ఫలితము గానక, చెన్నపట్టణమునకు రైలెక్కితిని. అచట జనరల్ ప్యాటర్స్ రోడ్డులోను, పుదుపేట పాత సామాను అంగళ్లలోను దొరకినవి మూడు జతలు: ఒకటి వేరొక బండిది, అర అంగుళము పొడవెక్కువ, ఒకటి వాడి విడిచినది, మూడవది క్రొత్తదే గాని, తయారుచేసినవాని పేరుగాని ఊరుగాని దానిపై లేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన నాకు మా వీథి మెకానిక్కు చెప్పిన ఉపాయము ఇది: “స్ప్రింగు రెండు చుట్లు కోసేస్తే సరిపోద్ది సామీ, బండి కిందికి దిగిపోద్ది, మెత్తగా కూడా ఉంటాది.”

ఆతడు కపటి కాడు. చేతిలో పనితనము గలవాడు. కాని ఆ మాటలో సగము మాత్రమే సత్యము. స్ప్రింగునకు చుట్లు తగ్గినకొలది అది మెత్తబడదు, బిరుసెక్కును; స్ప్రింగు కుంగుటలో ఒక్కొక్క చుట్టు కొంత కొంత పాలు పంచుకొనుచున్నది కాబట్టి, చుట్లు తగ్గినచో అదే బరువునకు స్ప్రింగు తక్కువగా కుంగును. కోసిన కొస సమముగా కూర్చొనక ఒక ప్రక్కకు ఒరగును. ఇక షాకబ్జరును కోసి తెరచి, నూనె నింపి, తిరిగి వెల్డింగు చేయించుట గూర్చి వేరుగా చెప్పవలెను: గ్యాసు నింపిన షాకబ్జరులో ఒత్తిడి యెంత యుండునో ఎరుగక దానిపై రంపము పెట్టుట ప్రాణములతో చెలగాటము. ఆ పని ఎవరును చేయించరాదు.

బండిని దింపుటయనగా ఎత్తు తగ్గించుట మాత్రమే యని తలచువారు పెక్కుమంది. వెనుక భాగము దిగినంతనే ముందు ఫోర్కు మరింత వెనుకకు వాలి హ్యాండిలు మందగించును. హెడ్‌లైటు కాంతి ఎదుటివారి కన్నులకెగయును. సైడు స్టాండు పొడవెక్కువై, బండి నిటారుగా నిలిచి, చిన్న గాలికే అవతలి ప్రక్కకు పడును. చైను బిగువు మారును. షాకబ్జరు వాలుగా బిగింపబడి యుండుటచే, దాని పొడవు అంగుళము తగ్గినచో చక్రము అంగుళమునకు మించియే మడ్‌గార్డును సమీపించును. వెనుక ఇల్లాలిని గాని మొలగొలుకుల బియ్యపు బస్తాను గాని ఎక్కించుకొన్నప్పుడు టైరు రాచుకొనుట అప్పుడే తెలియును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు ఎత్తు పది సెంటీమీటర్లు. ఊరివారు తమకు తాముగా పోసికొన్న మట్టికట్టలకు ఆ కొలతయు లేదు. క్రిందికి దిగిన బండి వానిపై సైలెన్సరును బలి యిచ్చును.

ఎత్తు తగ్గవలసినవారికి సురక్షితమైన మార్గము సీటు. నేను చేసినదియు అదియే. సీట్ల అంగడిలో ఫోము పైపొరను పలుచగా చెక్కించి, తొడలు తగులు ప్రక్కలను సన్నము చేయించితిని; నా పాదములు నేలను పూర్తిగా తాకుచున్నవి. షాకబ్జర్లకు మాత్రము ఎనిమిది నెలలు పట్టెను. రెండు కొసల బిగింపు కన్నుల నడుమ పొడవు, బుష్ రంధ్రము, బుష్ వెడల్పు, స్ప్రింగు బలము, ఈ నాలుగును సరిపోయిన జత, ఎవరో పదునైదేండ్ల క్రిందట కొని దాచుకొన్నది, గూడూరులో దొరకినది. బిగించిన పిదప సీటును అదిమి విడిచితిని. బండి ఒక్కమారు లేచి, మరల ఊగక నిలిచినది.

ఎనిమిది నెలలు వెదకు ఓపిక ఎందరికుండును? అట్లని పాత బండిని విడువుమని చట్టమును చెప్పుట లేదు. మోటారు వాహనముల చట్టము సొంత బండికి 15 సంవత్సరముల రిజిస్ట్రేషను ఇచ్చుచున్నది. ఆ పిమ్మట పరీక్షించి అయిదేసి సంవత్సరములు పొడిగించుచున్నది. నా బండి ఆ పరీక్షలో నెగ్గినదే. అదే చట్టములోని 52వ విభాగము, బండి మౌలిక స్వరూపము మారునట్లు నిర్మాణమును మార్చరాదని నిషేధించుచున్నది. 2019 సవరణ అట్టి ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానాను గాని, ఆరు నెలలవరకు కారాగారమును గాని, రెండింటిని గాని విధించుచున్నది. ఆ నిషేధము న్యాయమైనదే. అయితే బండిని యథాతథముగా నుంచుమని యజమానిని శాసించిన ప్రభుత్వము, యథాతథముగా నుంచుటకు కావలసిన సామానును అమ్ముమని కంపెనీని ఏల శాసింపదు? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెరచిన మరమ్మతు హక్కు పోర్టలులో మోటారు వాహనములు కూడ చేరియున్నవి. పోర్టలు సమాచారమిచ్చును, షాకబ్జరు నీయదు.

కావున ప్రభుత్వమునకు నా మనవి. షాకబ్జర్లు, బ్రేకులు, చక్రపు బేరింగులు, ఈ ప్రాణరక్షక భాగములనైనను, ఆ మోడలులో చివరి బండి అమ్ముడైన నాటినుండి 15 సంవత్సరములు తప్పక సరఫరా చేయవలెనని నిబంధన వ్రాయుడు. అంతకాలము తయారుచేయుట తమకు గిట్టదని చెప్పు కంపెనీ, ఆ నాలుగు కొలతలను ప్రకటించినను చాలును. కొలతలు చేతికి వచ్చినచో మన చిన్న కార్ఖానాలవారు సరియైన జతను తయారుచేయగలరు, మా వీథి మెకానిక్కు రంపమును ప్రక్కన పెట్టగలడు.