రాత్రి డ్యూటీలో ఉన్నవాడి క్రిస్మస్



డిసెంబరు వచ్చిందంటే పల్లెలలో మన ఇళ్ళకు సున్నాలు పడతాయి. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి నక్షత్రాన్ని పొడవాటి గెడకు కడతాము. క్యారల్స్ బృందం ఏ అర్ధరాత్రి తలుపు తడుతుందోనని తల్లులు అరిసెల డబ్బా అందుబాటులో ఉంచుకుంటారు. ఇవన్నీ చేస్తూనే చాలామంది తల్లుల మనసు విశాఖపట్నం నుండి వచ్చే బస్సు మీద ఉంటుంది. కొడుకు స్టీలు ప్లాంటులోనో, పోర్టులోనో పని చేస్తున్నాడు. పండుగకు వస్తాడా, రాడా?

మా ఇంటి సంగతి చెబుతాను. 1993లో మా తమ్ముడికి స్టీలు ప్లాంటులో డిసెంబరు 24 రాత్రి పది గంటల షిఫ్టు పడింది. అంతకు ముందు ఏళ్ళలో తోటి ఉద్యోగి ఒకాయన ఆ రాత్రి వీడి బదులు పని చేసేవారు. దీపావళికి వీడు ఆయన బదులు చేసేవాడు. హిందువులు, క్రైస్తవులు కలిసి పని చేసేచోట ఇటువంటి సర్దుబాట్లు మామూలే, పైకి ఎవరూ చెప్పుకోరు. ఆ ఏడు ఆయన భార్య ఆస్పత్రిలో ఉంది. ఆయనను అడగడానికి వీడికి నోరు రాలేదు. సంగతి ఉత్తరం రాస్తే అమ్మ, "ప్రభువు పుట్టిన రాత్రి కూడా ఆ కొలిమి ఆర్పుకోలేరా?" అన్నది.

ఆర్పలేరు. ఇది అమ్మకు తెలియదు, నాకూ అప్పట్లో తెలియదు. గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1990లో వెలిగించారు. అది మన పొయ్యి వంటిది కాదు, పండుగ పూట నీళ్ళు చల్లి ఆర్పుకోవడానికి. బొగ్గును కోకుగా కాల్చే ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుక బీటలు వారుతుంది, మళ్ళీ కట్టుకోవలసిందే. పోర్టులోనూ అంతే. ఓడ వచ్చినప్పుడు దానిని రేవులోకి తేవలసినవారు పగలూ రాత్రీ చూసుకోరు.

తమ్ముడు 25వ తేదీ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చేతిలో కేకు పెట్టె, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ అన్నం వడ్డించింది గాని మాట్లాడలేదు. తెల్లవారుజాము ఆరాధనలో వాడి చోటు ఖాళీగా ఉండడం, సంఘస్థులలో ఒకరు "మీవాడికి ప్రభువుకన్నా ఉద్యోగమే ఎక్కువైందా?" అనడం ఆమె మింగుకోలేకపోయింది. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా, "అప్పా, నేను పండుగ పోగొట్టుకున్నట్టేనా?" అని నన్ను అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న లూకా సువార్త రెండవ అధ్యాయం తీశారు. ఆ అధ్యాయానికీ విశాఖపట్నానికీ ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఈ పట్టణానికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో ఇక్కడే మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. ఆ సువార్తలు 1812లో బెంగాలు దేశంలోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని వారిద్దరూ చేతిలో పట్టుకోలేదు.

నాన్న చిన్నతనంలో గొర్రెలు కాచినవారు. వరికోతలయ్యాక రైతులు పొలంలో మంద తోలించుకుంటే, రాత్రంతా గొంగళి కప్పుకుని కాపలా ఉండేవారు. ఆ రాత్రి గొల్లలు బేత్లెహేముకు త్వరగా వెళ్ళిన భాగం చదివి, పుస్తకం మూయకుండానే ఆగిపోయారు. "అందరూ పోయారంటావా?" అని అమ్మను అడిగారు. "మందను వదిలేసి అందరూ పోరు. అటు నక్క, ఇటు దొంగ. ఒక్కడైనా ఉండిపోయి ఉంటాడు. మిగతావాళ్ళు తిరిగి వచ్చి వాడికి చెప్పి ఉంటారు."

ఇది వాక్యంలో లేదని నాకు తెలుసు. గొర్రెలను ఎవరికి అప్పగించారో లూకా రాయలేదు, వారు తిరిగి వెళ్ళారని మాత్రం రాశాడు. బోధకులు దీనిని ప్రసంగంగా చేయనక్కరలేదు. గొర్రెలు కాచిన మనిషికి తోచిన మాట ఇది. అమ్మ మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, తెల్లవారుజామున గుడిలో ఏ పాటలు పాడారో, పశువుల పాకకు గడ్డి ఎవరు తెచ్చారో, పిల్లల నాటకంలో హేరోదు కిరీటం ఎలా ఊడిపడిందో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. వాడు నవ్వుతూ వింటూ, గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయాడు.

అప్పటినుండి మా ఇంట్లో ఒక అలవాటు ఏర్పడింది. తెల్లవారుజాము ఆరాధనకు అందరమూ వెళతాము. కాని ఇంట్లో ఆ అధ్యాయం చదవడం, కేకు కోయడం చివరి మనిషి వచ్చేదాకా ఆగుతాయి. తూర్పు జ్ఞానులు కూడా ఆ రాత్రికే చేరలేదు గదా. వారు వచ్చేసరికి శిశువు ఇంటిలో ఉన్నాడని మత్తయి రాశాడు. పండుగ నాడు సాయంకాలం కూడా ఒక చిన్న ఆరాధన జరిపితే షిఫ్టుల మీద వెళ్ళే కుటుంబాలకు ఎంతో ఆదరణగా ఉంటుందని సంఘ పెద్దలకు నా మనవి. ఆస్పత్రిలో నర్సులుగా, రైల్వేలో గార్డులుగా ఉన్న మన బిడ్డలకు కూడా.

నాన్న ఇప్పుడు లేరు. తమ్ముడు ఉద్యోగ విరమణ చేశాడు. వాడి కొడుకు పోర్టులో చేరాడు. కిందటి క్రిస్మస్‌కు ఆ పిల్లవాడు 26వ తేదీ ఉదయం పదింటికి గాని ఊరు చేరలేదు. అమ్మకు చూపు మందగించింది. అయినా రెండుసార్లు వాకిట్లోకి వచ్చి, పట్టపగలు నక్షత్రంలో బల్బు వెలుగుతున్నదో లేదో అడిగి వెళ్ళింది. కరెంటు వృథా అని మా మరదలు తీసివేయబోతే, "వాడు రానీ అమ్మా, అప్పుడు తీద్దువుగాని" అన్నది.