వాము నూనె – తామర వ్యాధి: దురద తగ్గుట చాలునా?

కర్నూలు మార్కెట్ యార్డులో వాము రాశులు పోసిన దినములలో ఆ దారిన నడచువారి ముక్కునకు ఘాటు సోకక మానదు. ఈ జిల్లా నల్లరేగడి చేలలో వానకాలము చివర విత్తి, చలికాలపు మంచుతో పండించుకొను పంట ఇది. రైతు దానిని గింజగానే అమ్ముకొనుచున్నాడు. ఆ గింజలో దాగియున్న మందును గూర్చి మన విద్యార్థులు విన్నది తక్కువ. విన్నదానిలోను అతిశయోక్తియే ఎక్కువ.

వాము గింజలను నీటి ఆవిరితో బట్టీ పట్టినచో నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ల వరకు నూనె దిగును. ఆ నూనెలో ఇంచుమించు సగభాగము థైమాల్ అను పదార్థము. అది విడిపడి తెల్లని స్ఫటికములుగా పేరుకొనును. పచారి దుకాణములో వాము పువ్వు అన్నను, హకీము గారు అజ్వాయిన్ కా ఫూల్ అన్నను ఇదియే. కర్పూరము, పుదీనా పువ్వు, వాము పువ్వు అను మూడింటిని ఒక సీసాలో వేసినచో తమంతట తామే కరగి ద్రవమగును. దానినే అమృతధార యందురు. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ నందును ఈ పువ్వు కలదు. 1914 నాటి మహాయుద్ధమునకు పూర్వము జర్మనీ కర్మాగారములు మన దేశపు వామును ఓడలకెత్తించుకొని పోయి, థైమాల్ తీసి లోకమునకు అమ్ముకొనుచుండెను. గింజ మనది, పువ్వు వారిది!

ఇక తామర సంగతి. ఎండలు మండు ఈ సీమలో చెమట ఆరదు, స్నానమునకు నీరు చాలదు. వసతి గృహములో ఒకే తువాలు ముగ్గురు వాడుదురు. నడుము చుట్టును గజ్జలలోను గుండ్రని మచ్చలు లేచిన పిల్లవాడు సిగ్గుచే ఎవరికిని చెప్పడు. ఇది రక్తదోషము కాదు, శాపము కాదు. చర్మపు పైపొరలోని కెరటిన్‌ను తిని బ్రతుకు శిలీంధ్రము. ఊరగాయపై బూజునకు దూరపు బంధువు.

థైమాల్ ఈ శిలీంధ్రపు కణమును కప్పియున్న పొరను చెరచునని ప్రయోగశాలలో పలుమార్లు తేలినది. గాజు పళ్లెములో శిలీంధ్రమును పెంచి, నడుమ నూనె తడిపిన కాగితపు బిళ్ల నుంచినచో, దాని చుట్టు శిలీంధ్రము మొలవని వలయము ఏర్పడును. ఈ వలయపు బొమ్మను చూపి ‘తామరకు దివ్యౌషధము’ అని ప్రకటించువారు పెక్కుమంది. పళ్లెమునకు మూత కలదు. ఆవిరి లోపలనే నిలిచి పని చేయును. మనుష్యుని చర్మమునకు మూత లేదు. రాచిన నూనెలో కొంత గాలికి ఎగిరిపోవును, కొంత చెమటతో జారును. శిలీంధ్రమున్న లోతునకు ఎంత దిగునో పళ్లెము చెప్పజాలదు.

కడప వారు వామునకు బదులు పసుపు పేరు చెప్పుదురు. పసుపు వారి ఇంటి పంట గదా. అచ్చటను చిక్కు ఒకటి కలదు. 1995లో థాయ్‌లాండ్ పరిశోధకులు ప్రకటించినదేమనగా, పసుపు నూనె తామర శిలీంధ్రములను అణచినది గాని, పసుపునకు ఆ రంగునిచ్చు కుర్కుమిన్ అణచలేదు. ఒళ్లంతయు పచ్చగా పూసుకొన్నంత మాత్రమున చాలినంత మందు పడినట్లు కాదన్నమాట.

మనుష్యులపై జరిగిన పరీక్షలు కొన్ని కలవు. అవి మన నూనెలపై గాక ఆస్ట్రేలియా వారి టీ ట్రీ నూనెపై, కాలి వ్రేళ్ల సందులలోని తామరపై జరిగినవి. 1992 నాటి పరీక్షలో నూటికి పది పాళ్ల నూనె కలిపిన లేపనము వాడినవారికి దురద, పొలుసు తగ్గినవి. గీకి తీసిన చర్మమును పెంచి చూడగా మాత్రము శిలీంధ్రము ఉత్త లేపనము వాడినవారిలో ఉన్నంతగానే ఇంచుమించు నిలిచియున్నది. 2002లో 158 మందిపై, నూనెను 25, 50 పాళ్లకు పెంచి చూచిరి. 50 పాళ్ల నూనె వాడినవారిలో నూటికి 64 మందికి శిలీంధ్రము పోయినది. మందు లేని ద్రవము వాడినవారిలో 31 మందికి. నూనె వాడిన నలుగురికి చర్మము వాచి తీవ్రముగా బాధించినది. పని చేయదనుట తప్పు. ఎంత పాలు, ఎన్ని దినములు, ఎవరికి అని అడుగక వాడుట అంతకంటె తప్పు.

ఈ వ్యాసకర్త వాదమంతయు 1992 నాటి ఆ పరీక్షలోనే యున్నది. దురద తగ్గుట వేరు, వ్యాధి పోవుట వేరు. ఈ భేదము తెలియకనే మన ప్రజలు నేడు గోతిలో పడుచున్నారు. మందుల దుకాణములో చీటీ లేకయే చేతికిచ్చు మిశ్రమ లేపనములలో క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ కలదు. రెండు దినములలో దురద చల్లారును, ఎరుపు మాయమగును. లోపల శిలీంధ్రము విందారగించుచుండును. నెల తిరుగకమునుపే మచ్చ చేటంత అగును. ఇట్టి స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము 2018లో ఆదేశించినను, దుకాణపు బల్లపై ఆ ఆదేశము కానరాదు. టెర్బినఫిన్ అను ప్రధానమైన మందునకు లొంగని శిలీంధ్ర జాతి యొకటి బయలుదేరగా, 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరిడిరి. మన దేశము పేరు ఇటువంటి దానికి తగులుట గర్వకారణము కాదు.

టెర్బినఫిన్ శిలీంధ్రము తన పొరను కట్టుకొనుటకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డగించును; థైమాల్ కట్టిన పొరనే చెరచును. దారులు వేరు గనుక, ఒకదానికి లొంగని శిలీంధ్రముపై రెండవదానిని పరీక్షించి చూచుట న్యాయము. ఆ పరీక్ష కర్నూలులో జరుగకున్న ఇంకెచ్చట జరుగవలెను? వాము ఇచ్చటిది, రోగులు ఇచ్చటివారు, డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఇచ్చటనే కలదు, ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవైద్యులు కలరు. హకీముల గ్రంథజ్ఞానము, వైద్యుల సూక్ష్మదర్శిని ఒక బల్లపైకి రావలయును. రోగుల అంగీకారముతో, నీతి సంఘము అనుమతితో, చర్మమును గీకి చూచి మరీ ఫలితము వ్రాయవలయును. ‘హాయిగా నున్నది’ అను మాటను ఫలితముగా లెక్కించరాదు.

మన కళాశాల వంతు ఇంతకంటె చిన్నది, సులభమైనది. రసాయన శాస్త్ర శాఖకు క్లెవెంజర్ గాజు పరికర మొకటి కొనియిచ్చినచో, విద్యార్థులే వేర్వేరు మండలముల వాము తెచ్చి నూనె దింపి తూచగలరు. ఏ నేల గింజలో నూనె మెండో తెలిసిన రైతునకును లాభమే. రోగి చర్మము జోలికి మాత్రము మన విద్యార్థులు పోరాదు. వాము పువ్వును ఘాటు తగ్గింపక రాచుకొన్న చర్మము కమలి బొబ్బలెక్కును, గజ్జలలోనైన చెప్పనక్కరలేదు.

పాలకవర్గము వారికి మరియొక విన్నపము. వసతి గృహములో ఏడాదికి రెండు మారులు చర్మవైద్యుని పిలిపించి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో గీకిన పొలుసును సూక్ష్మదర్శినిలో చూపించుడు. దీనికగు ఖర్చు వార్షికోత్సవపు షామియానా ఖర్చులో ఒక మూలకు రాదు. ఆడపిల్లలకు స్త్రీ వైద్యురాలిని వేరుగా పిలువవలెను. విద్యార్థికొక తువాలు, చాకలికి వేయు దుస్తులకు వేడినీరు ఈ జూన్ నుండియే ఏర్పాటు కావలయును. వాము నూనెపై పరీక్ష ముగియువరకు ఇవి ఆగనక్కరలేదు.